ఎడమ వైపు కుర్చీ

కాలేజీ, మూడో అంతస్తు, హెడ్ గారి గది
జూన్

అక్కా,

నీ తమ్ముడు డిపార్ట్‌మెంట్ హెడ్ అయ్యాడు. సంబరపడే ముందు కాస్త ఆగు. మేమున్నది ఆరుగురం. ఇద్దరికి రక్తపోటు. ఒకాయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఇంకొకాయన సరిగ్గా మీటింగు రోజున సెలవు పెట్టాడు. ఒకమ్మాయి కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. మిగిలింది నేను. సంస్థల్లో నాయకులు ఎలా పుడతారో ఇరవై నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను గానీ ఇలా పుడతారని మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గదితో పాటు పాత హెడ్ గారి తిరిగే కుర్చీ కూడా సంక్రమించింది. అందులో కూర్చుంటే అది మెల్లగా కిందికి దిగిపోతూ ఉంటుంది. పొద్దున హెడ్డులా కూర్చున్నవాణ్ణి, మధ్యాహ్నానికి గడ్డం బల్లకి ఆనించుకున్న బడిపిల్లాడిలా తేలతాను. చోటు చాలక నా ఎడమ వైపు ఇంకో బల్ల వేసి ఆ కాంట్రాక్టు అమ్మాయిని కూర్చోబెట్టారు. మహా మెతక మనిషి. పొద్దస్తమానం నోరు విప్పదు. పెద్దవాళ్లంటే భయమేమో.

నేనేం చెబుతానని బావ ఇంకా అడుగుతున్నాడా? 'ఆఫీసుల్లో మనుషులు ఎందుకు పోట్లాడుకుంటారో చెప్పే చదువు' అని చెప్పు. "దానికి చదువెందుకు, ఆఫీసుకెళితే చాలదా?" అంటాడు. 

అసలు వార్త ఇప్పుడు చెబుతాను. నా 'వినే నాయకుడు' పుస్తకం మూడో ముద్రణకి వచ్చింది. ఒక ప్రతి నీకు పంపుతున్నాను. అందులో ఉన్నవి మూడే మెట్లు. మాట్లాడే మనిషి వైపు వంగాలి. వాళ్లన్న మాటని తిరిగి వాళ్లకే అప్పజెప్పాలి. జవాబు చెప్పే ముందు ఆగి, మెల్లగా తలూపాలి. ఈ మూడు ముక్కల్ని రెండువందల పేజీలకి సాగదీసినందుకు నన్ను ప్రొఫెసర్ని చేశారు. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ మా కాలేజీలో 'వినే కళ' శిక్షణ కేంద్రం పెడుతుందట. కమిటీ ఒప్పుకుంటే దానికి డైరెక్టరు నేనే. అక్కా, అంత పెద్ద పదవి నా ఇరవై నాలుగేళ్లలో దరిదాపులకి కూడా రాలేదు. ఎవరికీ చెప్పకు. నేను ఇప్పటికే అందరికీ చెప్పేశాను.

ఒక్కటే చిరాకు. మా ఆఫీసు గుమస్తా నాకు చెవుడనుకుంటున్నాడు. మొన్న వచ్చి, "సార్, కరెంటు బిల్లు మీద సంతకం" అన్నాడు. పద్ధతి ప్రకారం నేను వంగి, "కరెంటు బిల్లు మీద సంతకం కావాలంటున్నారు" అన్నాను. "అదే సార్ నేనన్నది." "అదే అన్నానంటున్నారు." నన్ను కాసేపు జాలిగా చూశాడు. ఆ తర్వాత "సంతకం సార్! సంతకం!" అని అరిచాడు. వరండాలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. సిద్ధాంతం తెలియనివాళ్ల దగ్గర సిద్ధాంతం పాటించకూడదు కాబోలు.

ఫోన్ చెయ్యనని నన్ను తిట్టకు. ఫోన్లో మనిషి ముఖం కనపడదు, సగం భావం గాలికి పోతుంది. అందుకే కదా రెండేళ్ల నుంచి మనం ఉత్తరాల్లో పడ్డాం. ఈసారి దాని మీద కూడా ఒక అధ్యాయం రాశాను.

నీ తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
జూలై

ఒరేయ్ హెడ్డూ,

ఉత్తరమూ పుస్తకమూ అందాయి. నీ విషయాలకి వరసగా జవాబు రాస్తాను. లేకపోతే నాకు తోచదని నీకు తెలుసుగా.

కుర్చీ సంగతి: మా ఇంట్లోనూ ఒకటి ఉంది, కింద చెక్క ముక్క పెట్టాను. నువ్వూ పెట్టుకో. కేంద్రం సంగతి: చాలా సంతోషం. ఎవరికీ చెప్పలేదు, కింది ఇంటావిడకి తప్ప. ఆవిడ ఎవరికీ చెప్పదు, మా మేడ మీద వాళ్లకి తప్ప. బావ సంగతి: పుస్తకం అట్ట చూసి, "వినే నాయకుడా? మరి మాట్లాడేదెవరు?" అన్నారు. అట్ట దాటి ఇంకా లోపలికి వెళ్లలేదు.

నేను మాత్రం పెన్సిలు పట్టుకుని చదివాను. చదివి ఊరుకుంటే ఏం లాభమని మర్నాడే అమలు పెట్టాను. బట్టలుతికే మిషను ఆగిపోతే బాగుచేసే అతను వచ్చాడు. "మోటారు పోయిందమ్మా" అన్నాడు. నేను వంగి, "మోటారు పోయిందంటున్నారు" అన్నాను. "కొత్తది వెయ్యాలి." "కొత్తది వెయ్యాలంటున్నారు." ఆ తర్వాత మూడో మెట్టు ఎక్కి, ఆగి, మెల్లగా తలూపాను. నేనింకా జవాబు ఆలోచించుకుంటూనే ఉన్నాను, అతను పాత మోటారు ఊడదీసి సంచీలో వేసుకున్నాడు. తీరా చూస్తే పోయింది మోటారు కాదు, ప్లగ్గు. ఖర్చుల పుస్తకంలో దాన్ని ఏ పద్దు కింద రాయాలో తెలియక 'తమ్ముడి సిద్ధాంతం' అని రాశాను.

పుస్తకం నాన్నకి అంకితమిచ్చావు. 'వినడమంటే ఏమిటో నేర్పిన మా నాన్నకి' అని ఉంది చూడు, ఆ పేజీ దగ్గర ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను. ఎందుకో ఎప్పుడైనా చెబుతాలే.

మరదలు ఎలా ఉంది? నీ పుస్తకం గురించి తనేమంటుందో ఒక్కసారీ రాయవేం?

అక్క


అదే గది, తలుపు వేసుకుని
సెప్టెంబరు

అక్కా,

చెక్క ముక్క పెట్టాను. కుర్చీ కిందికి దిగడం మానేసింది. ఇప్పుడు దిగుతున్నది నేను.

పోయిన నెల కమిటీ మీటింగు జరిగింది. డీన్ గారు నన్ను పిలిచి మరీ తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. డైరెక్టర్ని కాబోతున్నాను కదా, మర్యాద కాబోలనుకున్నాను. గంటన్నర సేపు మూడు మెట్లూ తు.చ. తప్పకుండా పాటించాను. ఆయన నా వైపు తిరిగి ఏదో అన్నప్పుడల్లా వంగాను, ఆగాను, తలూపాను. మీటింగయ్యాక ముగ్గురు వచ్చి మెచ్చుకున్నారు కూడా.

నిన్న మినిట్స్ వచ్చాయి. నాలుగో అంశం ఇలా ఉంది: 'సంస్థాగత ప్రవర్తన విభాగంలోని కాంట్రాక్టు పోస్టును విద్యా సంవత్సరం చివర రద్దు చేసి ఫైనాన్సు విభాగానికి ఇచ్చుటకు హెడ్ గారు అంగీకరించిరి.'

హెడ్ గారంటే నేను. అంగీకరించింది నేను. ఎప్పుడు?

డీన్ దగ్గరికి పరుగెత్తాను. "అదేంటండీ, రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చక్కగా తలూపారు. మీ డిపార్ట్‌మెంట్ పోస్టు మీరే వదులుకోవడం చూసి మేమంతా ఆశ్చర్యపోయాం. ఎంత పెద్ద మనసు!" అన్నారు.

తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి తన బల్ల ముందు నుంచుని ఉంది. చేతిలో మినిట్స్ కాగితం. మెతక మనిషి అన్నానే, అదేం లేదు.

"సార్, నా పని బాగాలేదా?"

"అబ్బే, బాగుందమ్మా."

"మరి తీసేసేటప్పుడు ఒక్క మాట చెప్పాలనిపించలేదా? ఇంట్లో జీతం నాదొక్కదే అని మీకు చెప్పాను. ఈ కుర్చీలో కూర్చునే చెప్పాను. మీరు తలూపారు!"

ఎప్పుడు చెప్పిందక్కా? నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. అప్పుడు కూడా అలవాటు కొద్దీ, "చెప్పానంటున్నావు" అన్నాను. ఆమె సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఇదంతా ఫైనాన్సువాళ్ల కుట్ర. మినిట్స్‌లో తర్వాత ఇరికించారు. సంస్థల్లో అధికారం ఎలా చేతులు మారుతుందో నాకు తెలియదా, దాని మీద రెండు వ్యాసాలు రాసినవాణ్ణి! డిసెంబరు కమిటీలో ఈ మినిట్స్‌ని ఖరారు చేస్తారు. ఆ తర్వాత ఎవరూ మార్చలేరు. అదే రోజు నా కేంద్రం కూడా చర్చకి వస్తుంది.

మీ మరదలు పుస్తకం గురించి ఏమంటుందని అడిగావు. "ఇరవయ్యేళ్లుగా నా మాట వినరు మొర్రో అంటుంటే, వినడం మీద మీకు బహుమతులిస్తున్నారు. ఇచ్చేవాళ్లని ఒకసారి మనింట్లో భోజనానికి పిలవండి" అంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ఆ మాట మీదే పోయినేడు ఒక వ్యాసం కూడా అచ్చేశాను: 'దీర్ఘకాలిక సంబంధాల్లో వినడం లేదనే అపోహ'.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
సెప్టెంబరు

తమ్ముడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్లీ రాస్తున్నాను.

మోటారు పోయినా నాకు బుద్ధి రాలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే బావ మీద మూడు మెట్లు ప్రయోగించాను. ఆఫీసులో తన పక్క సీటాయన గురించి ఏదో చెబుతున్నారు. నేను వంగాను, మాట తిరిగి అప్పజెప్పాను, తలూపాను. కాసేపు మురిసిపోయారు. తర్వాత ఉన్నట్టుండి ఆపేసి, "ఏంటి, అచ్చం మీ నాన్నలా కూర్చున్నావు?" అన్నారు.

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఎనిమిదేళ్లుగా మూడు ముద్రణలు చదివాను. ప్రతిసారీ, 'పిచ్చి వెధవ, నాన్నని చూసి రాశాడు' అనుకున్నానే గానీ, 'వీడూ నాన్నలా తయారయ్యాడేమో' అన్న అనుమానం ఒక్కసారీ రాలేదు. ఇంట్లో పప్పులడబ్బాలకి కూడా చీటీలంటించే నా క్రమశిక్షణ అంతవరకే పనికొచ్చింది.

ఇక చెప్పేస్తాను. నాన్నకి ఎడమ చెవి వినపడేది కాదు. నీకు గుర్తుందా, కొట్లో ఏ గడియారం బాగుచేసినా కుడి చెవికే ఆనించుకుని వినేవారు. ఎడమ చేత్తో తీసుకున్నా సరే, తల చుట్టూ తిప్పి కుడి చెవి దగ్గరికి తెచ్చేవారు. మనిషి వైపు వంగేవారు, మాట తిరిగి అనేవారు, ఆగేవారు. ఊళ్లోవాళ్లంతా, 'ఆయన దగ్గర చెప్పుకుంటే గుండె తేలికవుతుంది' అనేవారు. సగం మాటలు ఆయన చెవిన పడేవే కాదు.

నువ్వు బడి నుంచి రాగానే కొట్లో స్టూలెక్కి కూర్చుని కబుర్లు మొదలుపెట్టేవాడివి. ఆ స్టూలు ఎడమ వైపు ఉండేది. దాన్ని కుడి వైపుకి మారుద్దామంటే నాన్న వద్దన్నారు. "వాడికి చెప్పకమ్మా. వాడు చెబుతుంటే వాడి ముఖం చూస్తూ ఉంటా. నాకది చాలు" అన్నారు. మాటిచ్చాను. అందుకే నీ అంకితం పేజీ దగ్గర ఆగిపోయేదాన్ని.

ఇప్పుడు నాకు రెండు ప్రశ్నలున్నాయి. ఆ రోజు డీన్ గారు నీకు ఏ పక్కన కూర్చున్నారు? ఆ అమ్మాయి బల్ల ఎడమ వైపు అని నువ్వే రాశావు. ఇంకోటి, రెండేళ్ల కిందట ఫోన్ మానేసింది నిజంగా భావం కోసమేనా?

ఒకసారి చెవుల డాక్టర్ని కలువు.

అక్క


కాలేజీ
అక్టోబరు

గౌరవనీయులైన అక్కయ్య గారికి,

మీ ఉత్తరం అందినది. నా ఇరవై నాలుగేళ్ల పరిశోధనను ఒక చెవి కింద జమకట్టినందుకు ధన్యవాదములు. నాకు పోస్టు పోతుందంటే మీకు చెవి గుర్తొచ్చింది. నేను అన్నీ శుభ్రంగా వింటున్నాను. నాన్నగారి గురించి మీరు రాసినది నేను నమ్మను. నేను చెప్పిన ప్రతి మాటా ఆయన విన్నారు. నాకు తెలుసు, నేను అక్కడే ఉన్నాను.

డాక్టర్ని కలవమన్నారు. నేనూ డాక్టరునే. నా పేరు ముందు రాసి ఉంటుంది.

ఇట్లు,
సంస్థాగత ప్రవర్తన విభాగాధిపతి


ఇల్లు
అక్టోబరు

గౌరవనీయులైన విభాగాధిపతి గారికి,

చిన్నప్పుడు కోపమొస్తే మంచం కిందికి దూరి, 'మీరు' అని పిలిచేవాడివి. ఇప్పుడు మంచాల కింద పట్టవు కాబట్టి ఉత్తరంలో దూరావు.

నేను వాదించను. నాన్న చేతి గడియారం నీ దగ్గరే ఉందిగా. గదిలో ఎవరూ లేనప్పుడు దాన్ని ఎడమ చెవికి పెట్టుకో. తర్వాత కుడి చెవికి. అంతే. నాకు రాయనక్కర్లేదు.

అక్క


చెవుల డాక్టరు గది బయట, బెంచీ మీద
నవంబరు

అక్కా,

మంచం కింద నుంచి బయటికొచ్చాను.

గడియారం ఎడమ చెవికి పెట్టుకుంటే ఆగిపోయిందనుకుని కీ ఇచ్చాను. కుడి చెవికి పెట్టుకుంటే ఆడుతూనే ఉంది. మళ్లీ ఎడమకి. మళ్లీ కుడికి. అప్పుడే తలుపు తోసుకుని గుమస్తా వచ్చాడు. "ఏంటి సార్, గడియారం పాడైందా?" అన్నాడు. "అవును" అన్నాను. పూర్తి అబద్ధమేం కాదు, ఏదో పాడైన మాట నిజమే, అది గడియారం కాదంతే.

ఇక్కడ నన్నొక గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టారు. "శబ్దం వినపడితే వేలెత్తండి" అన్నారు. నేను తలూపాను. "తలూపడం కాదండీ, వేలెత్తాలి" అంది నర్సు. నా సిద్ధాంతం మీద ఇంత క్లుప్తమైన సమీక్ష ఇంతవరకు రాలేదు. ఎడమ చెవి ఇంచుమించు పోయింది. పదిహేను ఇరవయ్యేళ్లుగా మెల్లమెల్లగా పోతూ ఉండాలట. కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడిగారు. "మా నాన్నకి" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఈ బెంచీ మీద కూర్చుని నా కెరీరంతా వెనక్కి తిప్పి చూసుకుంటున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మొదటి పెద్ద ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నకీ కాసేపు ఆగి జవాబు చెప్పానని, 'ఆలోచించి మాట్లాడే మనిషి' అని తీసుకున్నారు. అసలు నేను ప్రశ్న ఏమై ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. క్లాసులో పిల్లలు అడిగిన ప్రశ్నని తిరిగి నేనే అంటుంటే, 'విద్యార్థిని గౌరవించే గురువు' అన్నారు. దాన్ని మెట్లు కట్టి పుస్తకం చేశాను. ఫోన్ కష్టమైతే ఫోన్‌కి వ్యతిరేకంగా ఒక అధ్యాయం రాశాను. మీరు వినడం లేదు మొర్రో అని భార్య అంటే అది అపోహ అని నిరూపించి అచ్చేశాను! జబ్బుని ఇంత దూరం నడిపించి ప్రొఫెసర్ని చేసినవాడు ఇంకొకడు ఉండడు.

డీన్ నా ఎడమ వైపే కూర్చున్నారు. ఆ అమ్మాయి ఎడమ వైపే ఉంటుంది. కుట్ర ఏమీ లేదు. నిజంగానే తలూపాను.

ఇప్పుడు చిక్కు చూడు. మినిట్స్ మారాలంటే డిసెంబరు కమిటీలో నేను లేచి నాకు వినపడలేదని చెప్పాలి. అదే బల్ల దగ్గర, అదే పూట, కంపెనీ పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, వినే కళా కేంద్రానికి నన్ను డైరెక్టర్ని చెయ్యమని అడగాలి. రెండూ ఒక నోటితో ఎలా అనను? చెవి సంగతి ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయికి ఇంకెక్కడైనా ఉద్యోగం చూసిపెడతాను, నాలుగు సిఫార్సు ఉత్తరాలు రాస్తాను అనుకుంటున్నాను. అది తప్పంటావా?

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
నవంబరు

తమ్ముడూ,

తప్పో ఒప్పో చెప్పేంత దాన్ని కాదు. నీ స్థానంలో నేనుంటే చెవిలో దూది పెట్టుకుని, జలుబు చేసిందని చెప్పి గట్టెక్కేదాన్నేమో. కానీ నాన్న చెవి సంగతి నాకెలా తెలిసిందో నీకు రాయలేదు. అది కూడా రాసేస్తాను.

బావ వాళ్లు నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు నువ్వు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నావు. మా అత్తగారు నాన్నకి ఎడమ వైపు కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ గొంతు ఎప్పుడూ చిన్నదే. "పెళ్లయ్యాక అమ్మాయి చదువు ఆపేస్తుందిగా?" అని అడిగారు. నాన్న ఆవిడ వైపు వంగి, ఆగి, మెల్లగా తలూపారు.

డిగ్రీకి నాకింకా ఒక్క ఏడాదే మిగిలి ఉంది. లెక్కల శాస్త్రం, క్లాసులో రెండో దాన్ని. వాళ్లు వెళ్లాక, "ఎందుకొప్పుకున్నావు నాన్నా?" అని అడిగాను. "దేనికి?" అన్నారు. చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను. "నాకు వినపడలేదమ్మా" అన్నారు. "మరి వెళ్లి ఆ మాటే చెప్పు" అన్నాను. "ఇప్పుడెళ్లి నాకు చెవుడని ఎలా చెప్పను? గడియారాలు వినేవాణ్ణి. రేపు కొట్టుకి ఎవరొస్తారు?" అన్నారు. "పర్లేదులే నాన్నా" అన్నాను.

ఆయన మీద నాకు కోపం లేదు. బావతో నాకే లోటూ లేదు. ఆ చదువు ఏమీ వృథా పోలేదు కూడా. మా ఇంటి ఖర్చుల పుస్తకాన్ని ఏ ఆడిటరైనా వచ్చి చూసుకోవచ్చు, ఒక్క మోటారు పద్దు తప్ప. కానీ ఆ రోజు నుంచి నాన్న పోయేదాకా, నేను పుట్టింటికొచ్చిన ప్రతిసారీ నన్ను కుడి వైపే కూర్చోబెట్టుకునేవారు. నా మాట ఒక్కటీ పోనిచ్చేవారు కాదు. వినవలసిన మాట ఎప్పుడో దాటిపోయాక.

ఆ అమ్మాయి ఏ వైపు కూర్చుంటుందో నువ్వే చూసుకో. సిఫార్సు ఉత్తరాలు బాగా రాస్తావని నాకు తెలుసు.

అక్క


కాలేజీ, మూడో అంతస్తు
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు నీకేమీ రాయలేకపోయాను. కిటికీ ఊచలు గుర్తున్నాయి. వచ్చినవాళ్ల చెప్పులు చూసి నవ్వుకోవడం గుర్తుంది. నువ్వు చదువు మానేసినప్పుడు, 'అక్కకి చదువు మీద ధ్యాస పోయింది' అని నా స్నేహితులకి చెప్పడం కూడా గుర్తుంది. అంతకు మించి ఇప్పుడు రాయలేను. మీటింగు సంగతి చెబుతాను.

ముందుగా వెళ్లి బల్లకి ఎడమ చివర కూర్చున్నాను. అలా కూర్చుంటే లోకమంతా నా కుడి వైపే ఉంటుంది. కంపెనీ పెద్దమనిషి ఎదురుగా, నున్నగా దువ్విన తలతో, ముందు నా పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. డీన్ గారు, "పోయిన మీటింగు మినిట్స్ అందరికీ సమ్మతమేగా?" అన్నారు. తలలన్నీ ఊగాయి. నా మెడ కూడా దానంతటది ఊగబోయింది. చేత్తో గడ్డం పట్టుకుని ఆపాను.

"నాకు సమ్మతం కాదండీ. నాలుగో అంశం."

"అదేంటి, మీరే తలూపారు కదా?"

"ఊపాను. కానీ మీరన్నది నాకు వినపడలేదు."

డీన్ గారు పకపకా నవ్వారు. "భలేవారే! వినడం మీద పుస్తకం రాసిన మీకు వినపడకపోవడమేంటి?" అందరూ నవ్వారు. కంపెనీ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

"వినపడక రాసిన పుస్తకమేనండీ అది. నాకు ఎడమ చెవి పనిచెయ్యదు" అని డాక్టరు కాగితం బల్ల మీద పెట్టాను. కరెంటు పోయిన ఫ్యానులా నవ్వు మెల్లగా తిరిగి తిరిగి ఆగింది.

మిగతాది కూడా నేనే అన్నాను. "నేను తలూపడం ఒప్పుకోవడం కాదు, అలవాటు. దానికి ఆ అమ్మాయి ఉద్యోగం పోకూడదు."

ఫైనాన్సు హెడ్ ఊరుకోలేదు. "అలాగైతే మీరు ఇంతకు ముందు తలూపినవాటి సంగతేంటి? కంప్యూటర్ల గది మాకివ్వడానికి కూడా మీరు తలూపే ఒప్పుకున్నారు" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. నేను ఆసక్తిగా ఆయన వైపు వంగాను. నిజంగానే ఆసక్తితో, అక్కా. "కంప్యూటర్ల గదా? అది కూడా నేనే ఇచ్చానా?" డీన్ గారికి చెమట పట్టింది. నా ఇరవై నాలుగేళ్ల తలూపుళ్లన్నీ తవ్వితే కాలేజీలో సగం గదులు చేతులు మారతాయి. "సరే సరే, ఈ ఒక్క అంశం కొట్టేద్దాం. పాతవి మాత్రం కదపొద్దు" అని తొందరతొందరగా గీత గీసేశారు. గెలిచాను. నా వాదనతో కాదు, నా పాత తప్పుల భయంతో.

ఆమె పోస్టు ఉంది. నా కేంద్రం లేదు. కంపెనీ పెద్దమనిషి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ నిజాయితీ మాకు స్ఫూర్తి" అన్నాడు. డైరెక్టరు పదవి ఫైనాన్సు హెడ్‌కి ఇచ్చాడు. ఎదుటి మనిషిని ఇంతవరకు ఒక్క వాక్యమైనా పూర్తి చెయ్యనివ్వని మనిషి ఆయన. రెండు రోజులు అన్నం సహించలేదని నీ దగ్గర దాచడమెందుకు? నాకది కావాలి అక్కా. చాలా కావాలి.

ఆ అమ్మాయికి అన్నీ చెప్పాను. "అంటే, ఇన్నాళ్లూ నేను చెప్పిన గుడ్ మార్నింగులు...?" అంది. "ఒక్కటీ అందలేదమ్మా" అన్నాను. తన బల్ల తనే ఈడ్చుకుంటూ నా కుడి వైపుకి తెచ్చుకుంది. మెతక మనిషి అని రాశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైమ్ టేబుల్లో నేను చేసిన తప్పులన్నీ చదువుతూనే ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. నాతో పని పడితే కుడి వైపు నుంచి రావాలని నా క్లాసు పిల్లలందరికీ తెలుసట. అదీ నా సిద్ధాంతమే అనుకున్నారట. 'నాయకుడి కుడి పార్శ్వమే అధికార స్థానం' అని పరీక్షలో పిల్లలు రాస్తే నేను మార్కులు కూడా వేశానట.

చెవికి మిషను పెట్టారు. మీ మరదలు మొదటి రోజు అన్నదేమిటంటే, "ఇప్పుడు వినపడుతోందా? సరే, మొదట్నుంచి చెబుతాను, కూర్చోండి." ఇంకా చెబుతూనే ఉంది. ఆ అపోహ వ్యాసం తప్పని పత్రికవాళ్లకి రాశాను.

పుస్తకం నాలుగో ముద్రణకి మూడు మెట్లూ తీసేద్దామనుకుంటున్నాను. వాటి బదులు ఒక్క మాట చాలు: 'ఏమన్నారు?' రెండువందల పేజీలకి సాగదు, అదే ఇబ్బంది.

అంకితం పేజీ మాత్రం మార్చను. ఆయన నా కబుర్లు విన్నారో లేదో గానీ, ఆ స్టూలు మీద నేను చెప్పని కబురంటూ లేదు.

ఆదివారం నీకు ఫోన్ చేస్తాను. మెల్లగా మాట్లాడు. అందకపోతే అడుగుతాను.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
డిసెంబరు, ఆదివారం సాయంత్రం

తమ్ముడూ,

ఫోన్ పెట్టేసి వెంటనే ఇది రాస్తున్నాను. మెల్లగా మాట్లాడమన్నావు గానీ, నువ్వు 'ఏంటీ?' అన్న మొదటిసారికే నేను అరిచేశాను. బావ సబ్బు ముఖంతో స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. ఎవరికేమైందోనని కింది ఇంటావిడ కూడా వచ్చింది.

ఆవిడ వెళ్లాక, నీకు రాసిన పాత సంగతే బావకి కూడా చెప్పాను. తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నుంచుండిపోయారు. "నీకే చదువంటే ఇష్టం లేదనుకున్నాను. మా అమ్మ అలాగే చెప్పింది" అన్నారు. తువ్వాలు తీసి ముఖం మీది సబ్బు తుడుచుకుంటూ, "నన్నొక్కసారి అడగాల్సింది" అన్నారు. ఈ ఇంట్లో చెవులన్నీ బాగానే పనిచేస్తాయి తమ్ముడూ, అయినా ఆ మాట ఇటు నుంచి అటు దాటడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇంకొక్కటి. ఫోన్ చెయ్యి, సంతోషమే. కానీ ఉత్తరాలు మానకు. మిషను పెట్టుకున్న దగ్గర్నుంచి అందరి మాటా వినపడుతుందన్న సంబరంలో ఉన్నట్టున్నావు, ఇవాళ నన్నొక్క వాక్యమూ పూర్తి చెయ్యనివ్వలేదు. ఉత్తరంలో అయితే చివరిదాకా వింటావు.

అక్క